గీయని మూడో గడి

నా చిన్నప్పుడు, అంటే నా వయసు పదేళ్ళూ నా తెలివి వయసు సుమారు రెండొందల యాభై ఏళ్ళూ ఉన్న రోజుల్లో, అనకాపల్లి చుట్టుపక్కల నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మా పెద్దత్త ఎందుకు అలుగుతుందో తెలుసు, ఎప్పుడు అలక మానుతుందో తెలుసు, బెల్లం దిమ్మ మీద ఈగ వాలితే అది ఏ ఊరి ఈగో కూడా చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు యాభై దాటాయి. పదిమందిని నవ్వించే వ్యాసాలు రాసుకుంటూ బతుకుతున్నాను. తెలివి మాత్రం ఏటా కొంచెం తరుగుతోంది. అది తరగడం మొదలైన రోజుల గురించే ఇదంతా. అవి తలుచుకుంటే నాకు నవ్వు రాదు. అయినా నవ్వుతూ చెప్పడం తప్ప ఇంకో విధం చేతకాదు గనక, అలాగే చెబుతాను.

మా ఇల్లు ఊరి చివర. ఇంటి వెనకే చెరకు ఆడించి బెల్లం వండే పాక. అందులో ఇనప పెనం ఎంత పెద్దదంటే, మా పంచాయతీ మెంబర్లందరూ కాళ్ళు చాపుకుని అందులో కూర్చోవచ్చు. కూర్చుంటే ఊరికి మంచిదని మా నాయనమ్మ అభిప్రాయం. చెరకు రసం కాగేటప్పుడు సున్నం నీళ్ళు పోస్తే, అందులోని మురికంతా నల్లటి నురుగై పైకి లేస్తుంది. దాన్ని తెట్టు అంటాం. చిల్లుల గరిటెతో తీసి పక్కనున్న డ్రమ్ములో పోస్తారు. మనుషులకి పనికిరాదు కానీ, తవుడులో కలిపి పెడితే గేదెలు పెళ్ళిభోజనంలా తింటాయి.

గోడకి అవతల పక్కింటి అక్క. అక్కకి ఒక్కటే గేదె. మొగుడు రాంబిల్లిలో పడవల మీద పనికి పోయి, నెలకోసారి ఒంటినిండా చేపల వాసనతో తిరిగొచ్చేవాడు. తెచ్చేది ఆ వాసనొక్కటే. ఇల్లు నడిచేది గేదె పాల మీద. అందుకని అక్క ఆ గేదెని పెంచలేదు, కొలిచింది. దాని కొమ్ములకి నూనె రాసిన చేత్తోనే నా తలకీ రాసి జడ వేసేది. బెల్లం వండే రోజుల్లో మా అమ్మకి నా తల సంగతి గుర్తుండేది కాదు. అక్క వేసిన జడ ఎంత బిగువంటే, సాయంత్రం దాకా నా కనుబొమ్మలు నుదుటి మధ్యలోనే ఉండేవి. ఈ పిల్ల ఎందుకు ఎప్పుడూ ఆశ్చర్యపోతుంటుందని స్కూల్లో టీచర్లు అనుకునేవారు.

మామూలు రోజుల్లో తెట్టు కొంచెమే వచ్చేది. మా ఎడ్లకే చాలేది కాదు. కొన్ని రోజులు మాత్రం డ్రమ్ము నిండి పొర్లేది. అలాంటప్పుడు అమ్మ నన్ను గోడెక్కించి అక్కని కేకెయ్యమనేది. నేను కేకేస్తే అక్క ఒక్కతే కాదు, చుట్టుపక్కల మూడు వీధులూ పలికేవి. అక్క బకెట్టు పట్టుకుని వచ్చి, తెట్టు నింపుకుని, పెనం వైపు చూసి, పాకం వాసన బాగుందని ఓ మంచిమాట అని వెళ్ళేది. ఆ మంచిమాటే తర్వాత మెడకి చుట్టుకుంది.

ఆ ఏడు మా బెల్లానికి ఏదో అయింది. నాలుగైదు రోజులకోసారి పాకం విరిగిపోయేది. దిమ్మగా బిగుసుకోవాల్సిన బెల్లం నల్లగా, ముద్దగా, మా పెద్దత్త మొహంలా జారిపోయేది. మార్కెట్ యార్డుకి తీసుకెళ్తే, వేలితో నొక్కి చూసి, వేలు తుడుచుకుని వెళ్ళిపోయేవారు. మా నాన్న మాట్లాడటం మానేశాడు. పెనం ఎప్పుడు దించాలో చెప్పే మనిషి ఒకాయన ఉండేవాడు, నాకు మామ వరస. పాకాన్ని చూపుతోనే కొలిచేవాడు, ముప్పై ఏళ్ళుగా తప్పు చేసి ఎరగడు. ఆయన పరువు పోతోంది. అందుకని రోజుకో కారణం చెప్పేవాడు. ఓ రోజు అమావాస్య. ఓ రోజు పిప్పి తడి. ఓ రోజు మా నాన్న బనీను తిరగేసి తొడుక్కున్నాడు. కారణాలైతే కుప్పలుగా ఉన్నాయి, ఒక్కటీ రెండోరోజుకి నిలబడటం లేదు.

సరిగ్గా అప్పుడే మా స్కూలుకి కొత్త సైన్సు మాస్టారు వచ్చారు. ఏది జరిగినా దానికో కారణం ఉంటుందనీ, గమనించి, రాసుకుని, పోల్చి చూస్తే తెలుస్తుందనీ చెప్పారు. ఆ తర్వాత ఇంకా చాలా చెప్పే ఉంటారు. అసలు ముక్క అందులోనే ఉండి ఉంటుంది. కానీ నేనప్పటికే వినడం మానేసి, నలభై పేజీల నోటుబుక్కులో నిలువుగా గీత కొట్టేస్తున్నాను.

రెండు గడులు. ఎడమవైపు బెల్లం పాడైన రోజు. కుడివైపు ఆ రోజు పాకలోకి వచ్చిన బయటి మనుషులు. నెల రోజులు రాశాను. పోలీసులు కూడా అంత శ్రద్ధగా రాయరు. తర్వాత ఒక్కొక్కరినీ కొట్టేస్తూ వచ్చాను. బెల్లం దళారి బాగున్న రోజూ వచ్చాడు, పాడైన రోజూ వచ్చాడు, కాబట్టి నిర్దోషి. ఎడ్లకి నాడాలు వేసేవాడు ఒకేసారి వచ్చాడు, నిర్దోషి. చివరికి ఒక్క పేరు మిగిలింది. బెల్లం పాడైన అయిదు రోజులూ అక్క వచ్చింది. బాగున్న రోజు ఒక్కసారి కూడా రాలేదు. ఆ పేరు కింద రెండు గీతలు కొట్టాను. గర్వంతో. ఆ గీతల్ని ఈ రోజుకీ క్షమించుకోలేదు.

మర్నాడు పాకం మళ్ళీ విరిగింది. ఆరోసారి. మధ్యాహ్నం అందరూ పెనం చుట్టూ చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. నేను లేచి నిలబడి నోటుబుక్కు చదివాను. చదివి, గొంతు సవరించుకుని, "అంచేత, అక్క వత్తేనే బెల్లం పాడయిపోతంది" అన్నాను.

మామ తొడ చరిచాడు.

"ఓలమ్మ! ఇది గుంటపిల్ల బుర్ర కాదు బావా, జడ్జీ బుర్ర! నాను మూడు వారాల్నుంచీ ఇదే అనుకుంటన్నాను. మొగమాటం కొద్దీ నోరిప్పలేదు."

మా నాన్న మెల్లగా అడిగాడు. "నిజంగా అలాగుందా పుస్తకంలో?"

మామ నోటుబుక్కు అందుకున్నాడు. ఆయనకి చదువు రాదు. తలకిందులుగా పట్టుకుని, పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూసి, "ఉంది. సుద్దంగా ఉంది" అన్నాడు.

సరిగ్గా అప్పుడు అక్క గుమ్మంలో నిలబడింది. చేతిలో ఖాళీ బకెట్టు.

"అక్కడే ఆగిపో సెల్లే" అన్నాడు మామ. "ఇంక ఈ పాకలోకి రాకు."

"ఏటన్నా, ఏటైంది?"

"నువ్వొచ్చి పాకం బాగుందన్న రోజల్లా అది ఇరిగిపోతంది. పుస్తకంలో రాసుంది."

అక్క అందరి మొహాలూ చూసింది. మా అమ్మ తల దించుకుంది. చివరికి నావైపు తిరిగింది. కోపం లేదు, నిజంగా అర్థం కాక అడుగుతున్నట్టుంది.

"నువ్వే కదే బుజ్జీ, ఇందాక కేకేసేవు?"

నేను నోటుబుక్కులోకి చూసుకున్నాను. ఆ మాట రాసుకోవడానికి అందులో గడి లేదు. గడి లేని మాటకి జవాబు చెప్పాల్సిన అవసరం నాకు కనపడలేదు. అక్క బకెట్టు చప్పుడు కాకుండా పట్టుకుని వెళ్ళిపోయింది. మామ నాకు గుప్పెడు పాత బెల్లం పెట్టాడు. ఆ సాయంత్రం డ్రమ్ములో పొర్లుతున్న తెట్టంతా పెంట మీద పారబోశారు.

వారం తిరిగేసరికి ఊళ్ళో మిగిలిన పాకలవాళ్ళూ అక్కని రావద్దన్నారు. గేదెకి మేత తగ్గింది, పాలు తగ్గాయి. పాలు పోయించుకునేవాళ్ళు కూడా, మంచిరోజు చూసుకుని చెబుతామన్నారు. నా జడ అమ్మ వేయడం మొదలుపెట్టింది. స్కూలుకి చేరేలోపే ఊడిపోయేది. నా మొహం మొదటిసారి మామూలుగా కనపడింది.

ఇదంతా అరుగు మీద మంచంలోంచి చూసిన మనిషి ఒకరున్నారు, మా తాతయ్య. ఆయనకి దగ్గు. మామూలు దగ్గు కాదు. ఆయన గట్టిగా దగ్గితే అక్కడెక్కడో ఏటికొప్పాకలో ఆరబెట్టిన లక్కబొమ్మలు ఒకదాన్నొకటి గుద్దుకునేవని చెప్పుకునేవాళ్ళం. దగ్గు తెర మొదలవగానే నాయనమ్మ మిరియాల కషాయం కాచి, నన్ను కేకేసి, గ్లాసు నా చేతికిచ్చి పంపేది.

కొన్నాళ్ళ తర్వాత తాతయ్య నన్ను పిలిచాడు. ఊరంతా మెచ్చుకున్న నా తెలివి తన దగ్గుకి కూడా కొంచెం ఖర్చు పెట్టమన్నాడు. కొత్త పేజీలో గీత కొట్టించాడు. ఎడమవైపు దగ్గు తెర వచ్చిన రోజు, కుడివైపు ఆ రోజు తన మంచం దగ్గరికి వచ్చిన మనిషి. పది రోజులు రాయమన్నాడు. నాకంటే సంతోషించినవాళ్ళు లేరు. పది రోజుల తర్వాత పుస్తకం పట్టుకుని వెళ్ళాను. దగ్గు ఆరు రోజులు వచ్చింది. ఆ ఆరు రోజులూ మంచం దగ్గరికి వచ్చింది ఒకే మనిషి. దగ్గు లేని నాలుగు రోజులూ ఆ మనిషి రాలేదు. ఆ మనిషి పేరు నా చేత్తో నేనే ఆరుసార్లు రాసుకున్నాను.

"అంచేత?" అన్నాడు తాతయ్య.

నేను పుస్తకం మూసేశాను.

"సెప్పవే. పుస్తకంలో ఉంది కదా. నువ్వొత్తేనే నాకు దగ్గొత్తంది. రేపట్నుంచి నా మంచం కాడికి రాకు."

పరిహాసమనుకున్నాను. కాదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు నేను వెళ్తే కళ్ళు మూసుకున్నాడు. నాయనమ్మ పంపిన కషాయం నా చేతిలోంచి తీసుకోలేదు. గ్లాసు చల్లారిపోయింది. తాతయ్య దగ్గుతూనే ఉన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నువ్వు దగ్గితేనే కదా తాతయ్యా నాను తెచ్చేను! నా అంతట నాను వచ్చేనా? నన్ను పిలిస్తేనే కదా వచ్చేను!"

తాతయ్య అప్పుడు ఇటు తిరిగాడు. "ఎవులు పిలిసేరు?"

"నాయనమ్మ."

"ఆ ముక్క పుస్తకంలో ఏ గడిలో రాసేవే?"

గోడ గుర్తొచ్చింది. గోడెక్కి నేనేసిన కేక గుర్తొచ్చింది. ఒక్కసారి కాదు, ఆరుసార్లు. అక్క తనంతట తాను ఎప్పుడూ రాలేదు. తెట్టు పొర్లిన రోజునే నేను పిలిచాను. మరి తెట్టు ఎందుకు పొర్లింది? తాతయ్య చెప్పలేదు. చెరకు బండి తోలేవాణ్ణి అడగమన్నాడంతే. పరిగెత్తి అడిగాను. ఆ ఆరు రోజులూ చెరకు ఒకే పొలం నుంచి వచ్చింది, ఏటిగట్టు పల్లం నుంచి. అది చౌడు నేల. చౌడు చెరకు రసంలో మురికి ఎక్కువ, అందుకే తెట్టు ఎక్కువ. ఆ రసంతో వండిన బెల్లం గట్టిపడదు. పాడైన బెల్లమూ, అక్క రావడమూ ఒకే తల్లి పిల్లలు. ఆ తల్లి పల్లం. నేను మాత్రం ఒక పిల్ల రెండో పిల్లని కన్నదని రాసి, ఊరంతటికీ చదివి వినిపించాను.

మామూలుగా ఇలాంటి జ్ఞాపకాలు ఇక్కడ ఆగిపోతాయి. పెద్దాయన నవ్వుతాడు, పిల్ల కళ్ళు తుడుచుకుంటుంది, పాఠం ముగుస్తుంది. మాది ఆగలేదు.

నేను తాతయ్య చెయ్యి పట్టుకుని లాగాను. పాకలోకి రమ్మన్నాను, అందరికీ చెప్పమన్నాను. తాతయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పల్లం కిందటేడు కొన్నది ఆయనే. కొనొద్దని మా నాన్న బతిమాలాడు, చౌడు పొంగుతుందని ఊరంతా చెప్పింది. నేలని చూసి గుణం చెప్పగలిగేవాణ్ణి నేనా, మీరా అని అందరి నోళ్ళూ మూయించి కొన్నాడు. ఇప్పుడు నేల తప్పని చెబితే, తప్పు ఎవరిదో పుస్తకం లేకుండానే అందరికీ అర్థమవుతుంది.

"నీకు తెలిసింది కదే" అన్నాడు. "సాలు."

అప్పుడు నాకు రెండో సంగతి తెలిసింది. ఆయనకి మొదటిరోజే తెలుసు. అక్క ఖాళీ బకెట్టుతో అరుగు ముందునుంచి వెళ్తున్నప్పుడే తెలుసు. నాకు పాఠం చెప్పడానికి పది రోజులు ఓపిక పట్టిన మనిషికి, పది అడుగులు నడిచి పాకలో ఒక్క మాట చెప్పే ఓపిక లేకపోయింది.

నేనే వెళ్ళి చెప్పాను. మూడో గడి కూడా గీసుకుని వెళ్ళాను, పిలిచింది నేనని రాసుకుని. మామ సగం విని, మా అమ్మవైపు తిరిగాడు.

"సూసేవా అప్పా, మందెట్టేసింది గుంటకి. మొన్న ఓలా సెప్పింది, ఇయ్యాల ఇంకోలా సెప్తంది. మందెడితే తప్ప మాటెందుకు మారతాది?"

అమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నాకు దిష్టి తీసింది. నిప్పుల్లో వేస్తే ఎవరికీ ఘాటు రాలేదన్నారు. ఇంకేం, అక్కమీద కేసు బలపడింది. నాకైతే ముక్కు మండిపోయింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

పల్లం చెరకు వచ్చిన రోజు అక్క లేకుండానే బెల్లం మళ్ళీ పాడైంది. ఇక ఒప్పుకుంటారనుకున్నాను. గోడ మీంచి చూసి ఉంటుందన్నారు. గోడ మీద తాటాకు దడి కట్టారు. మళ్ళీ పాడైంది. దడి సందుల్లోంచి చూసిందన్నారు. సందులకి గోనెసంచులు కట్టారు. మళ్ళీ పాడైంది. ఈసారి అక్క చూడలేదు, నిజమే, కానీ అక్క గేదె అరిచింది, అరుపు పాకంలో పడిందన్నారు. ఆ దెబ్బకి నేను నోరు మూసుకున్నాను. గేదెకి కూడా జవాబు చెప్పగల మనుషుల ముందు నా మూడో గడి ఏపాటిది?

అక్క గేదెని అమ్మేసింది. అమ్మిన రోజు అది వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళింది. నేను ఏది చెప్పినా పదింతలు పెంచి చెబుతానని నా పాఠకులకి తెలుసు. ఇది పెంచలేదు. పది రోజుల తర్వాత అక్క కూడా చీడికాడ దగ్గరున్న పుట్టింటికి వెళ్ళిపోయింది. తాళం వేస్తుంటే నేను గోడ దగ్గరే నిలబడ్డాను. దడి అడ్డుగా ఉంది. కేకెయ్యలేదు. ఊరంతటినీ పలికించిన గొంతు ఆ రోజు పనిచెయ్యలేదు.

మరుసటి ఏడు తాతయ్య, ఎవరికీ ఏమీ చెప్పకుండా, పల్లంలో చెరకు మాన్పించి వరి వేయించాడు. బెల్లం ఆ ఏడు బంగారం ముద్దల్లా వచ్చింది. ఒక్క దిమ్మ కూడా జారలేదు. మామ మీసం తిప్పాడు. "సూసేరా? అది పోయింది, బెల్లం బాగయింది. పుస్తకం అబద్దమాడతాదా?" అన్నాడు. తాతయ్య మంచంలో దగ్గాడు. అంతే.

పెద్దయ్యాక నేను లోకం మీద వ్యాసాలు రాశాను. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పాల ప్యాకెట్లు పోతున్నాయని వాచ్‌మన్‌ని అనుమానిస్తే, వాచ్‌మన్ డ్యూటీలో ఉన్న రోజులు ఎవరో పట్టిక వేసి పెడితే, మూడో గడి గీయండి మహాప్రభో అని మొత్తుకున్నాను. నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఫరవాలేదు, నాకు అలవాటే.

నాలుగేళ్ళ క్రితం ఓ పెళ్ళికి చీడికాడ వైపు వెళ్ళి, వెతుక్కుంటూ అక్క ఇంటికి వెళ్ళాను. తర్వాత పుట్టిన కొడుకు స్థిరపడ్డాడు. సొంతంగా క్రషర్ పెట్టి బెల్లం వండిస్తున్నాడు. పాకలోంచి పొగ వస్తోంది, మనుషులు తిరుగుతున్నారు. అక్క మాత్రం రోడ్డు అవతల, దూరంగా, ఓ రాయి మీద పాకకి వీపు పెట్టి కూర్చుని ఉంది. జుట్టు ముగ్గుబుట్టయింది. నన్ను గుర్తుపట్టి చాలా సంతోషించింది. ఇక్కడెందుకు కూర్చున్నావని అడిగాను.

"ఇయ్యాల పెనమెక్కించేరు కదమ్మా. నా సూపు మంచిది కాదు. మావోడు రమ్మంటాడు గానీ, నానే ఎల్లను. ఆడి బెల్లం పాడైపోతే?"

అక్కడే మట్టిలో కూర్చుని పుల్లతో గీతలు గీశాను. రెండు గడులు, పక్కన మూడోది. పల్లం గురించి చెప్పాను, తెట్టు గురించి చెప్పాను, పిలిచింది నేనని చెప్పాను. తాతయ్య సంగతి కూడా దాచలేదు. క్షమించమని అడిగాను. అక్క అంతా విని, చిన్నపిల్ల మాటలకి నవ్వినట్టు నవ్వింది.

"నన్ను ఊరుకోబెట్టడానికి అంటన్నావు గానీ, నువ్వు సిన్నప్పట్నుంచీ సదువుకున్న పిల్లవి. నువ్వే రాసేవు కదా పుస్తకంలో. రాసిందానికి తిరుగేటమ్మా?"

అని, గాలికి చెదిరిన నా జుట్టు సవరించడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. మీ ఇంట్లో శుభకార్యం ఏమైనా ఉందా అని అడిగింది. ఉంటే ముట్టుకోదట.

లేదన్నాను. నిజానికి ఉంది, ఆ పై నెలలోనే మా అమ్మాయి నిశ్చితార్థం. జడ వెయ్యమన్నాను. చేతుల్లో వెనకటి బలం లేదు. వదులుగానే వేసింది. వచ్చే దారంతా ఆ జడ ఊడకుండా పట్టుకునే కూర్చున్నాను.

ఈ రోజుకీ ఏ కాగితం మీదైనా 'అంచేత' అని రాయబోతే నా చెయ్యి ఆగుతుంది. పక్కన మార్జిన్‌లో నిలువుగా ఓ గీత గీసి, 'పిలిచిందెవరు?' అని రాసుకుంటాను. చాలాసార్లు ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది. అది నిండనప్పుడు అంతకు ముందు రాసిన మాట కూడా కొట్టేస్తాను. ఎన్ని కొట్టేసినా, అక్క లోపల నేను రాసిన ఆ ఒక్కటీ మాత్రం నా చేత్తో కొట్టెయ్యలేకపోయాను.